దవడకు ఆనిచ్చిన మాండలిన్

ఇబ్రహీంపట్నం

బాపూ, నేను మంచిగున్న, నా ఫికర్ పెట్టుకోకు. ఫోన్ల నీకు ఇనవడదని కార్డు రాస్తున్న.

హైదరాబాద్‌ల మాండలిన్లు అమ్మే షాపుకు పోయి మన చర్చికి ఒకటి కొన్న. షాపాయన పాత తీగలిప్పి కొత్తయి ఎక్కిచ్చి, జర సూసుకో బిడ్డా అన్నడు. నేను నీ లెక్కనే దవడ కట్టెకు ఆనిచ్చి మీటిన. ఒక జత తీగలు ఒకదానికొకటి శృతి కలవక కట్టె వణుకు దవడకు తెలిసింది. రెండు కలిసి ఆ వణుకు ఆగేదాంక తీగ మర తిప్పిన. ఎవరు నేర్పిండ్రని అడిగిండు. మా బాపు, చెవులు ఇనవడకున్నా మంచాల ఊరి చర్చిల ఆయనే శృతి జేస్తడని గట్టిగనే చెప్పిన.

పాత తీగలు అడిగి తెచ్చిన, అమ్మకు బట్టల సబ్బు ముక్కలు కోసేతందుకు. ఆమె మోకాలు నొప్పి తగ్గిందా? సంఘంల అందరికి వందనాలు చెప్పు.

ఆదివారం మాండలిన్ తీస్కొని వస్త. గడ్డం గీసుకొని ఉండు బాపూ, కొత్త కట్టెకు గీతలు వడొద్దు.

నీ బిడ్డ
భాగ్యశ్రీ