కొవ్వొత్తుల పళ్ళెంలో ఆక్సీమీటర్

ఏమండీ,

నా కరోనా టెస్టు నెగటివ్. డ్యూటీకి నర్సులు లేరని హాస్పిటల్‌వాళ్లు పిలిచారు, వెళ్తున్నాను. మన సిల్వీకి జ్వరం తగ్గలేదు. గంటకోసారి దాని వేలికి ఆక్సీమీటర్ పెట్టి చూడండి. తొంభై రెండు కంటే తగ్గితే వెంటనే 112కి ఫోన్ చేయండి.

ఆక్సీమీటర్ ఫ్రిజ్ మీద ఉంది. నిన్న సాయంత్రం మీరు కొవ్వొత్తులు వెలిగించిన పళ్ళెంలో అది ఉండిపోయింది. మీ శనివారపు సబ్బాతు ముగిసేదాకా ఆ పళ్ళేన్ని గానీ, అందులో ఉన్నవాటిని గానీ కదపకూడదని తమరు సెలవిచ్చారు. నేను తీశాను. నా చెయ్యేమీ ఊడిపడలేదు.

లాక్‌డౌన్‌లో చర్చి మూసేస్తే యూట్యూబ్ చూసి యూదుడైపోయిన మగాణ్ణి హాంబర్గ్ మొత్తమ్మీద మిమ్మల్నే చూశాను. శుక్రవారం పొద్దుగూకితే ఫోన్ ముట్టరు, పెన్ను ముట్టరు. "ఏసుకుమారీ, గది చీకటిగా ఉందే" అని గాల్లోకి అంటారు, లైటు నేను వేయాలి. చేపల పులుసు గిన్నె మాత్రం ఒక్క శనివారమూ నిషేధంలో పడలేదు.

మా వార్డు డాక్టరమ్మ పుట్టుకతోనే యూదురాలు. అడిగితే నవ్వింది. ప్రాణం మీదికొస్తే పళ్ళెమేంటి, ఫోనేంటి, అన్నీ ముట్టుకోవాల్సిందేనట. ఆలోచిస్తూ నిలబడటమే తప్పట. మీ యూట్యూబ్ పాస్టరుగారు ఆ పాఠానికొచ్చేసరికి మీరు నిద్రపోయుంటారు.

జవాబు రాయకండి, పెన్ను ముట్టకూడదుగా.

ఏసుకుమారి

రాత్రంతా దాని పక్కన కూర్చున్నది నేను. కలవరింతల్లో అది పిలిచింది మాత్రం "డాడీ" అని మిమ్మల్నే. దాని నుదురు ఏ నిషేధంలోనూ లేదు. వెళ్లి చెయ్యి వేయండి.