కిటికీ వెలుగులో ఫిల్ము

పటాన్‌చెరు,
జులై 1996

హన్నా,

నీ రొమ్ములోని గడ్డ స్కానింగులో కటిక నలుపుగా కనిపించిందని మీ అన్న సత్యరాజు ఏడుస్తూ చెప్పాడు. రంగుల ఫ్యాక్టరీలో షేడ్లు సరిచూసే మనిషి కదా, ఫిల్మును కిటికీ వెలుగుకు పట్టి క్యాన్సరేనని తీర్పు ఇచ్చేశాడు. ఇక సూది పరీక్ష దండగని నువ్వూ అంటున్నావట.

మీ అక్క సౌభాగ్య ఫిల్మునూ అతనే చూశాడు. "గిది నలుపే కాదు బావా, బూడిద రంగు. ఏం పరేషాన్ గాకుండ్రి" అన్నాడు. సౌభాగ్య సూది పరీక్ష మానుకుని, చర్చిలో అందరికీ లడ్డూలు పంచింది. ఆ లడ్డూలు తిన్నవాళ్లే ఏడాది తిరక్కుండా ఆమె శవపెట్టెను మోశారు.

నిన్న డాక్టరమ్మను అడిగాను. కటిక నలుపుగా ఉండి అంచు నున్నగా ఉంటే అది చాలావరకు ప్రమాదం లేని నీటి తిత్తేనట. బూడిద రంగుగా ఉండి అంచులు చెదిరితేనే ఎక్కువ అనుమానించాలట. నీది ఏదో ఆమె చూడాలి. అవసరమైతే సూది పరీక్షతో తేలుతుంది.

గురువారం పొద్దున ఆస్పత్రి గేటు దగ్గర ఉంటాను. ఫిల్ము తీసుకుని రా. సత్యరాజు వస్తానంటే రానివ్వు. లడ్డూలు మాత్రం రిపోర్టు వచ్చాకే.

మీ బావ