ఎండలో ఆరేసిన బట్ట

ప్రియమైన జాయ్ మేడంకు,

తిరుపాలమ్మ నమస్కారాలు. మీరు చిలమత్తూరు బడికి బదిలీ అయ్యాక మా పదో తరగతి బోసిపోయింది. ఫోను ఎప్పుడూ నాయన జేబులోనే ఉంటుంది. ఈ సంగతులు అందులో మాట్లాడలేను, అందుకే రాస్తున్నాను.

బడిలో ఇచ్చిన ప్యాడ్లు అయిపోయాయి. ఈ నెల బయట ఉన్నప్పుడు, ఊరవతల ముట్టు గుడిసెలో, మీరు చెప్పినట్టే బట్ట సబ్బుతో ఉతికి కంచె మీద ఎండలో ఆరేశాను. దురద లేదు, మంట లేదు. మా అవ్వ హనుమక్క చూసి, "మొగోళ్లు తిరిగే దావలో ఏమే ఇది? సిగ్గు లేదా?" అని తిట్టింది. ఏం చేయమంటారు?

మీ తిరుపాలమ్మ

ప్రియమైన తిరుపాలూ,

నీ ఉత్తరం చదివి ఎంత మురిసిపోయానో! నా పాఠం ఒక్కరికైనా ఎక్కిందన్నమాట. అవ్వ అలాగే తిడుతుంది, నువ్వు మానకు. ఎవరేమన్నా ఎండలోనే ఆరెయ్యి. రేపు నర్సింగు చదవాల్సిన దానివి, దీనికే బెదిరితే ఎలా తల్లీ?

ప్రేమతో,
జాయ్

మేడం గారికి,

నాయన మళ్లీ బోరు వేయించాడు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నీళ్లు చూసే ఆదెన్న, గుడిసె పక్క చేనులోనే చోటు చూపించాడు. బోరు బండి వచ్చిన రోజే నేను బయట ఉన్నాను. నాకెవరూ ముందుగా చెప్పలేదు. నా బట్ట కంచె మీద ఉంది.

పొద్దుగూకేదాకా తెల్ల దుమ్మే లేచింది. చుక్క తడి లేదు. ఆదెన్న కంచె వైపు చెయ్యి చూపి, "ఇంగ నీళ్లు యాడ పడతాయప్పా? గంగమ్మకు ఎదురుగా ముట్టుగుడ్డ ఏసినారు" అన్నాడు. నాయన చేనులోనే కూలబడ్డాడు. నేనిప్పుడు బడికి పోవడం లేదు.

తిరుపాలమ్మ

నా బంగారుతల్లీ,

వానలు లేక భూమిలో నీళ్లు అడుగంటాయి. దానికీ నీ బట్టకీ ఏ సంబంధమూ లేదు. ఆదివారం వస్తున్నాను. మీ నాయన కాళ్లు పట్టుకునైనా నిన్ను బడికి పంపిస్తాను. పుస్తకాలు తీసి ఉంచు.

నీ జాయ్ మేడం

మేడం గారికి,

మీరు వచ్చి వెళ్లాక నాయన, "పోమ్మా బడికి. ఎవరేమన్నా నేను చూసుకుంటా" అన్నాడు. నన్ను ఆపింది ఆయనే అనుకున్నారు మీరు. కాదు మేడం, నేనే పోవడం లేదు. భూమిలో నీళ్లు ఎందుకు లేవో పరీక్షలో రాయమంటే రాస్తాను. కానీ ఆ దుమ్ము నాయన తల మీద పడుతుంటే కళ్లారా చూశాను. అంతా నా వల్లే అయిందని నమ్ముతున్నాను. నాయన ఇప్పుడు కూలికి బెంగళూరు వెళ్లిపోయాడు.

మొన్న మా చెల్లెలు సరళ పెద్దమనిషి అయింది. గుడిసెలో దానికి తోడున్నాను. "అక్కా, బట్ట యాడ ఆరెయ్యాల?" అని అడిగింది. ఏడుపొచ్చింది. లోపల చూరు కింద, చీకట్లో చోటు చూపించాను. అక్కడ అది ఆరదని నాకు తెలుసు.

ఇంక నాకు రాయకండి.

తిరుపాలమ్మ