ఆకలి గీసిన గీతలు కావు

జాగోర్యే,
1986 మార్చి 11

డాక్టర్ నేవెంకా గారికి,

జ్లాతా నమస్కరించి రాయునది. జాగ్రెబ్‌లో మీరు కులాసాగా ఉన్నారని తలుస్తాను. మర్యాద ఇంతవరకే. ఇకమీదట నువ్వనే రాస్తాను.

మంచం పట్టిన మా ఆయన ద్రాగుతిన్‌ను చూడటానికి వస్తానని కబురంపావు. రావద్దు. డాక్టరు ఎవరినీ రానివ్వొద్దన్న మాట నిజమే కానీ, అసలు కారణం అది కాదు. ఇన్నేళ్ళూ వేసవంతా ఆ గుహలో పాతకాలపు ఎముకలు తవ్వుతూ అతని పక్కన కూర్చున్నది నువ్వు. నాకు మిగిలింది అతని బురద బూట్లు. మా ఆడపడుచు మారా పెరట్లో బట్టలారేస్తూ, "ఏం వదినా, మా అన్నయ్య కాపురం చచ్చినవాళ్ళతోనా, బతికున్నదానితోనా?" అని ఏడిపించేది. పైకి నవ్వేదాన్ని. లోపల కుతకుత ఉడికిపోయేదాన్ని.

మొన్న అడిగేశాను, "ఆవిడలో ఏం చూశావు?" అని. అతను కోప్పడలేదు. సొరుగులోని నియాండర్తల్ ఆదిమానవుడి నుదుటి ఎముక నమూనా తెమ్మన్నాడు. నా వేలు పట్టుకుని దానిమీది రాతికత్తి గీతల వెంట నడిపించాడు.

"జింక ఎముకలైతే మాంసం కోసి, మూలుగ కోసం పగలగొట్టేవాళ్ళు. ఇది చూడవే. గీతలు ఎంత సన్నగా, పక్కపక్కనే ఉన్నాయో! చచ్చిన మనిషిని ఎవరో ఓపిగ్గా శుభ్రం చేశారు. ఇది ఆకలి చేసిన పని కాదు."

"వాళ్ళు మనుషుల్ని తిన్నారనేగా అంటారు?"

"నేనూ అలాగే అన్నాను. కాదని నాతో ముందు పోట్లాడింది నేవెంకా. ఇప్పటికీ ఒప్పుకోనివాళ్ళున్నారులే."

సూప్ కూడా మింగలేనివాడు నీ పేరెత్తగానే లేచి కూర్చున్నాడు! మీ మధ్య ఏమీ లేదని నాకు అప్పుడే తెలిసింది. ఉన్నా బాగుండేది, నోరారా తిట్టేదాన్ని. అతను నాతో అంతసేపు మాట్లాడి ఎన్నేళ్ళయిందో. ఆ మాటలూ నీ గురించే.

అందుకే రావద్దు. మిగిలిన రోజులు నాకు వదిలెయ్యి.

జ్లాతా

తా.క. పైదంతా నిన్న రాసింది. ఈ ఉదయం ద్రాగుతిన్ పోయాడు. శవపేటిక దుకాణం వాళ్ళను పిలుద్దామంది మారా. నేను ఒప్పుకోలేదు. మా ఇళ్ళలో మావాళ్ళను మేమే కడిగి, బట్టలు తొడుగుతాం. కానీ ఒక్కదాన్నే అతన్ని లేపలేకపోతున్నాను. మారా సాయానికొచ్చింది, వెళ్ళిపొమ్మన్నాను. ఈ ఉత్తరం తెచ్చిన మా తమ్ముడి కారులోనే బయలుదేరు. నీమీద కుళ్ళు ఇంకా అలాగే ఉంది. అయినా అతని ఒంటిమీద నాతోపాటు చెయ్యి వెయ్యడానికి ఇంకెవరినీ రానివ్వను. తొందరగా రా.