ద్రాక్షపందిరి కింద తుమ్మికూర

6 జూలై 1986, ఆదివారం. ఉదయం 6.10
ఈ రోజు నుంచి కలుపు పీకడం బంద్!

నిన్న వ్యవసాయ శాఖలో పనిచేసే స్నేహితుడు వరహాలు వచ్చాడు. మా పెరట్లో ద్రాక్షతీగ చూసి తల పట్టుకున్నాడు.

"కింద నేలని గుండు గీసినట్టు గీకీసి, పైన డీడీటీ సల్లితే ఏటొత్తాది బావా? ఈ మట్టిలో పుట్టిన మొక్కల్ని పుట్టనీ. తుమ్మి పూత్తే తేనెటీగలొత్తాయి. పిండినల్లిని తినీ అక్షింతల పురుగులొత్తాయి. తీగ తేరుకుంటాది" అన్నాడు.

ఐదేళ్ళ తీగ. ఆకులు చేటలంత. గుత్తులు సున్నా! పెళ్ళైన కొత్తలో ప్రేమలీలకు సొంత పందిరి ద్రాక్ష తినిపిస్తానని మాటిచ్చి నాటాను. ఇప్పుడు మా అత్తగారు అప్పలమ్మ గడువు పెట్టేసింది. సెప్టెంబరు ఆఖరుకి పూత రాకపోతే తీగ పీకేసి దొండపాదు పెడుతుందట.

ప్రతిజ్ఞలు:
1. ఒక్క మొక్కా పీకను.
2. డీడీటీ డబ్బా ముట్టను.
3. ఎవరినీ ముట్టనివ్వను. అత్తగారైనా సరే!

27 జూలై, ఆదివారం
వానలు. తుమ్మి, ఉత్తరేణి, గలిజేరు, గరిక. పేరు తెలియనివి ఇంకో ఆరు. భేష్!

మొన్న అత్త: "ఏటి బాబూ ఈ అడివి? పావులొత్తాయి."
నేను: "రానీ అత్తా, ఎలకల్ని తింటాయి."
రెండు రోజులుగా ఆవిడ నాతో మాట్లాడటం లేదు.

10 ఆగస్టు, ఆదివారం. 7.40
తేనెటీగ వచ్చింది!! ప్రేమలీలను పిలిచేలోపు వెళ్ళిపోయింది. వచ్చిన మాట మాత్రం నిజం.

"ఈగేమో చూశారా?" అంది. ఈగకీ తేనెటీగకీ తేడా తెలియనివాణ్ణా నేను?

28 ఆగస్టు, గురువారం
పరువు పోయింది. ఉత్తరేణి గింజలు పాంటుకి మోకాళ్ళ దాకా అంటుకున్నాయి. చూసుకోకుండా డ్యూటీకి వెళ్ళిపోయాను. ఆఫీసరు అందరి ముందూ "ఏమయ్యా జ్ఞానదాసూ, ఎంబ్రాయిడరీ ఎవరు కుట్టారు?" అన్నాడు. మా స్టోర్సు ఆఫీసంతా ఒకటే నవ్వు.

సాయంత్రం దారి పక్క ఉత్తరేణి తీసేశాను. పీకడం కాదిది, సర్దడం. దారికి అడ్డమొచ్చినవి లెక్కలోకి రావు.

1 సెప్టెంబరు, సోమవారం
కుళాయి మూల కొమ్మకి తెల్లగా పిండినల్లి పట్టింది! చిటికెడు డీడీటీ అద్దాను. చల్లలేదు, అద్దాను.

2 సెప్టెంబరు. ఉదయం 6.00
ఆ కొమ్మ కింద రెండు అక్షింతల పురుగులు వెల్లకిలా పడి ఉన్నాయి. రెండు నెలలు రమ్మని ఎదురుచూసింది వీటి కోసమే కదా. మనసు చివుక్కుమంది. వరహాలుకు చెప్పను.

6 సెప్టెంబరు, శనివారం. సాయంత్రం
పక్కింటి సూర్యకాంతమ్మ గోడ మీంచి, "అన్నయ్యగారూ, రేపు వినాయక సవితి కదండీ. బజార్లో పత్రంతా వాడిపోనాది. మీ పెరట్లో ఉత్తరేణి, గరిక బాగున్నాయి. నాలుగు రెబ్బలు కోసుకోమంటారా?" అంది.

అందరూ అడవి అన్న పెరడు! పేర్లు పెట్టి మరీ అడిగిన మొదటి మనిషి. ఛాతీ పొంగిపోయింది.

"నాలుగేంటమ్మా, కావలసినంత కోసుకోండి" అనేశాను.

నాలుగు రెబ్బలకి తోట తరిగిపోతుందా!

7 సెప్టెంబరు, ఆదివారం. మధ్యాహ్నం 12.30
తరిగిపోయింది.

చర్చి నుంచి వచ్చేసరికి పెరడు కళ్ళాపి చల్లి ముగ్గేయడానికి సిద్ధంగా ఉంది! సూర్యకాంతమ్మ వీధంతా చెప్పిందట. వీధంతా వచ్చిందట. ఒంట్లో బాగోలేదని చర్చి మానేసిన మా అత్త గేటు తీసి పట్టుకుందట.

మిగిలిన తుమ్మి కూడా లేదే అంటే, "సవితినాడు తుమ్మికూర వీధంతా వొండతన్నారు. మనం నోరు కట్టుకు కూకోవాలేటి? సిన్నప్పట్నించీ తినీదాన్ని నాను" అంది అత్త.

కంచంలో వడ్డించాక ఇక నోరు విప్పక తప్పలేదు. "అత్తా, కుళాయి మూల డీడీటీ అద్దాను."

గరిటె ఆగిపోయింది. "ఆరి నీ తెలివి తెల్లారా! కుళాయి మూల తుమ్మే లేదు, నాను గేటు కాడ కోసీనాను, బతికిపోనాం" అంటూ లేచి వెళ్ళి డబ్బా పట్టుకుపోయి తన ట్రంకుపెట్టెలో పెట్టి తాళమేసింది.

ప్రతిజ్ఞలు మూడూ గోవిందా. కూర మాత్రం, ఏమాటకామాటే చెప్పాలి, రెండుసార్లు వడ్డించుకున్నాను.

15 సెప్టెంబరు
రాయడానికేమీ లేదు. వాన.

30 సెప్టెంబరు, మంగళవారం. సాయంత్రం 5.30
పూత లేదు. మాటంటే మాటే. గునపం నేనే తెచ్చాను. ప్రేమలీల గుమ్మంలో నిలబడి తీగవైపే చూస్తోంది. అది చూసి ఇంకా బాధేసింది.

గునపం ఎత్తానో లేదో అత్త పరుగెత్తుకొచ్చింది.

"ఏటి సేత్తన్నావ్ అల్లుడా?"
"గడువైపోయింది కదా."
"కళ్ళెట్టి సూడు కింద!"

చూశాను. వానలకి తుమ్మి మళ్ళీ జానెడు లేచింది, దుబ్బులు దుబ్బులుగా.

"పందిరి నీడన ఎంత లేతగుందో! తీగ పీకీస్తే ఎండకి సేదెక్కిపోదేటి? వారం వారం కూరొండుకోవాల. తీగ మీద సెయ్యేసినావంటే ఊరుకోను."

"మరి దొండపాదు?"
"గోడవార ఎట్టుకుంటాను."

గునపం కింద పెట్టేశాను. చెప్పలేనంత సంతోషం! ప్రేమలీల నవ్వుతూ, "అయితే నా ద్రాక్షకి ఇంకో ఐదేళ్ళు ఆగమంటారా?" అంది. ఆగుతుందట!

రేపటి నుంచి మళ్ళీ మొదలు. పీకను, చల్లను, అద్దను. ఈసారి తప్పేది లేదు. ట్రంకుపెట్టె తాళంచెవి అత్త బొడ్డులో ఉంది.