షాపు గడప తొక్కని బండి

మార్చి 2, ఆదివారం

ఇవాళ తేల్చేశాను. ఇకమీదట చక్రాల అలైన్‌మెంట్ కోసం ఏ షాపు గడపా తొక్కను.

కారణం రాసి పెడుతున్నాను, రేపు నేనే మర్చిపోవచ్చు. కిందటేడు ఆ షాపువాడు నా ఎర్ర రెండు సీట్ల బండిని లిఫ్టు మీదికి ఎక్కించి, నన్ను తీసుకెళ్ళి అద్దాల గదిలో కాఫీ మిషను పక్కన కూర్చోబెట్టాడు. ఇరవయ్యేళ్ళుగా నా చేత్తో ఆయిలు మార్చుకుంటున్న బండి అది. దగ్గరికొచ్చి చూస్తానంటే ఇన్సూరెన్సు ఒప్పుకోదన్నాడు. చివరికి ఆకుపచ్చ అంకెలున్న కాగితం చేతిలో పెట్టి పంపించాడు. మనిషిని తన వస్తువుకే పరాయివాణ్ణి చేయడమంటే ఇదే. పనిముట్లు వాళ్ళవి, విద్య వాళ్ళది, మనకి కాఫీ.

నిజానికి ఇందులో బ్రహ్మవిద్యేం లేదు. చక్రం ఎంత నిటారుగా ఉంది, ఎంత లోపలికి వాలింది, మొన సూటిగా చూస్తోందా. దారం, టేపు, పానా. అంతే.

ఇరవై మూడున మా కార్ల క్లబ్బు కొండ పరుగు, ఒక్కో బండీ విడిగా గడియారంతో పోటీపడి కొండెక్కే పందెం. ఒకే బండిలో ముందు నేను, తరవాత మా ఆవిడ జనీన్. కిందటేడు ఆడవాళ్ళలో జనీన్ రెండోది. వచ్చే నెల తన ఎడమ మోకాలికి ఆపరేషను. క్లచ్ తొక్కే కాలు. అంటే ఆపరేషనుకి ముందు తనకి ఈ ఒక్క పరుగే.

"బండి సూటిగా పోతే చాలు డెస్," అంది. "నాకు విప్లవం అక్కర్లేదు."

రెండూ ఇస్తానన్నాను.

మార్చి 3, సోమవారం

కొన్నవి: చేపల గాలానికి కట్టే దారం ఒక చుట్ట, జాకీ స్టాండ్లు నాలుగు, వాలు చూసే మట్టపలక, నేలకి పరిచే నున్నటి పలకలు.

కిటుకు ఏమిటంటే, రెండు పలకల మధ్య ఉప్పు చల్లి వాటి మీద చక్రం నిలబెడితే, స్టీరింగు తిప్పినప్పుడు చక్రం హాయిగా తిరుగుతుంది. షాపులో ఇదే పనికి ఇనప పళ్ళేలుంటాయి, చిన్న ఇల్లంత ఖరీదు. మనకి ఉప్పు. ఇది పత్రికకి నేను రాసే కాలమ్‌లో పెట్టాలి.

మార్చి 5, బుధవారం

మా గరాజు నేల వీధి వైపు వాలి ఉందని ఇవాళే తెలిసింది. వాన నీళ్ళు పోవడానికట. పొద్దున్నంతా చక్రాల కింద పలకలు పేర్చి నాలుగింటినీ ఒకే మట్టానికి తెచ్చి, చుట్టూ స్టాండ్లు నిలబెట్టి దారాలు కట్టాను.

పక్కింటి గోర్డానా కంచె మీద మోచేతులానించి చూస్తోంది. ఉక్కు ఫ్యాక్టరీలో పాతికేళ్ళు క్రేన్ నడిపిన మనిషి. ఊళ్ళో ఎవరు ఏం ఎత్తినా చూడకుండా ఉండలేదు.

"ఏంటి డెస్, బండికి పెళ్ళా? పందిరి వేస్తున్నావ్, దారాలు కడుతున్నావ్."

"అలైన్‌మెంటు."

"షాపు మూసేశారా?"

ఇరవై నిమిషాలు మాట్లాడాను. పనిముట్ల మీద హక్కు, మరమ్మతు మీద హక్కు, కంపెనీల గుత్తాధిపత్యం. గోర్డానా ఓపిగ్గా విని, "ఉప్పు ఒలికిపోతోంది చూసుకో," అని లోపలికెళ్ళిపోయింది.

మార్చి 8, శనివారం

గొప్ప రోజు.

కంప్యూటర్లో ఓ అమెరికావాడి వీడియో దొరికింది. మనిషి నాకు నచ్చలేదు, టోపీ మీద ఏదో ఆయిలు కంపెనీ బొమ్మ. కానీ పని శుభ్రంగా చేస్తాడు. డ్రైవర్ సీట్లో డ్రైవరంత బరువు పెట్టి కొలవాలట. ఎరువు బస్తాలు నా బరువుకి సరిపడా తెచ్చి, వాడు పెట్టిన చోటే పెట్టాను. ఇంకో మాట కూడా చెప్పాడు. రోడ్లు అంచు వైపు వాలి ఉంటాయి, బండి కాలవలోకి జారుతుంది, అందుకని ముందు చక్రాల్లో ఒకదాన్ని రవ్వంత ఎక్కువ నిటారుగా నిలబెట్టాలి, అప్పుడది బండిని నడిరోడ్డు వైపు లాగుతుంది. వీడియో ఆపి ఆపి చూస్తూ, వాడి పానా ఎటు తిరిగితే నా పానా అటే తిప్పాను.

సాయంత్రానికి పని పూర్తి. మా యూనియన్ పత్రికకి నెలనెలా రాసే కాలమ్ కూర్చున్న చోటే రాసి పంపేశాను. శీర్షిక: "చక్రం మనది."

జనీన్ కూరలో ఉప్పు లేదు. ఆ సంగతి నాకంటే ముందు తనే ఎత్తింది.

మార్చి 9, ఆదివారం

బండి ఎడమకి లాగుతోంది. కొంచెమే.

కారణాలు:
సముద్రపు గాలి.
టైర్లు పాతవి.
మున్సిపాలిటీ మన వైపు వీధులకి రోడ్లు వెయ్యదు, కొండ మీద డబ్బున్న వాళ్ళ వీధులకి వేస్తుంది. దీని మీద వేరే వ్యాసం రాయాలి.

స్టీరింగు వదిలేస్తే గోర్డానా ఉత్తరాల పెట్టె దాకా వెళ్ళింది. తగల్లేదు. దాదాపు తగల్లేదు.

"మీ కామ్రేడ్ లాగే ఎడమకి పోతోందేంటి?" అని గోర్డానా జనీన్‌ని అడిగింది. ఇద్దరూ చాలాసేపు నవ్వారు. నేను పెట్టె నిలబెట్టాను.

మార్చి 11, మంగళవారం

మళ్ళీ దారాలు కట్టాను. బండికి రెండు పక్కలా, కదలకుండా, వీణ తీగల్లా. అరగంట పట్టింది. మా కుక్క బిస్కట్‌కి సరిగ్గా అప్పుడే పావురం కనబడింది.

దారం, కుక్క, మట్టపలక, నా టీ అన్నీ ఒక చోటికి చేరాయి. ఇవాళ్టికి చాలు.

మార్చి 14, శుక్రవారం

రెండ్రోజులుగా మీటింగులు. పోర్టు కార్మికుల జీతాల చర్చ నడుస్తుంటే బండి చక్రాల గురించి ఆలోచించడం విలాసం. పైగా రవ్వంత ఎడమకి లాగితే డ్రైవరు మెలకువగా ఉంటాడు.

కాలమ్ అచ్చయింది. ముగ్గురు మెచ్చుకున్నారు. నా బండిని తోలని వాళ్ళే ముగ్గురూ.

మార్చి 16, ఆదివారం

జనీన్ బండి తీసుకుని బజారుకెళ్ళింది. తిరిగొచ్చి తాళాలు బల్ల మీద పెట్టి, కూర్చుని మోకాలు రుద్దుకుంటోంది.

"దీన్ని కొండెక్కించను డెస్."

"ఇంకో వారముంది."

"దారి పొడుగునా కుడికి పట్టుకుని లాగాల్సొచ్చింది. చేతులు స్టీరింగుతో కుస్తీ పడుతుంటే కాలు క్లచ్ మీద బిగుసుకుపోతోంది. కొండ మీద మలుపు దగ్గర ఇది చేస్తే నేను గడ్డిలో ఉంటాను. షాపుకైనా ఇవ్వు, పందెంలో నా పేరైనా కొట్టెయ్."

నేను మొదలుపెట్టాను. సూత్రమన్నాను. పనిముట్లన్నాను. చెయ్యి అడ్డం పెట్టింది.

"ముప్పయ్యేళ్ళ నుంచి ఈ వంటింట్లో ఒకటే వింటున్నా కామ్రేడ్. చేసిన పనికి డబ్బివ్వాలి, పనివాడి పొట్ట కొట్టకూడదు. ఆ షాపులో లిఫ్టు కింద నిలబడేవాడు పనివాడు కాదా? మీ యూనియనే కదా వాడిది? వాడికి పని ఇవ్వకుండా సెలవురోజు ఊరికే చేసేస్తున్నావే, ఫ్యాక్టరీలో అలా చేసేవాణ్ణి ఏమంటావ్ నువ్వు?"

ఏమంటానో నాకు తెలుసు. రాయను.

జవాబు ఉంది. రేపటికి తయారవుతుంది.

మార్చి 18, మంగళవారం

జవాబు తయారు కాలేదు. షాపుకెళ్ళాను.

మన ఊరి షాపు కాదు, రెండూళ్ళవతలిది. టోపీ పెట్టుకుని, జనీన్ పుట్టింటివాళ్ళ ఇంటిపేరు చెప్పాను. బల్ల దగ్గర రస్సెల్ అనే అతను నన్ను ఎగాదిగా చూశాడు.

"మీరు డెస్ కదూ? 'చక్రం మనది' రాసింది?"

"ఆయన వేరే."

"ఫొటో వేశారు సార్. బావుంది వ్యాసం. బాత్రూమ్ తలుపుకి అంటించాం."

ముందు చక్రాలు ఇంకాస్త లోపలికి వాల్చమని అడిగాను, కొండ మలుపుల్లో పట్టు కోసం. అవి పందేల కొలతలు, కంపెనీ కొలతలు దాటితే మా పూచీ కాదన్నాడు. డ్రైవరు బరువు పెట్టి కొలవమన్నాను. అది కూడా మా పద్ధతి కాదన్నాడు. నన్ను అద్దాల గదికి పంపాడు. కాఫీ తాగాను. కోపంగా తాగాను.

తిరిగొస్తుంటే స్టీరింగు వదిలి చూశాను. బండి గీత గీసినట్టు పోయింది. ఇంత బాధ ఈ నెలలో కలగలేదు.

మార్చి 20, గురువారం

జనీన్ సోఫాలో మోకాలి మీద ఐసు సంచి పెట్టుకుని నా వీడియో పెట్టింది. అసలెక్కడ తప్పు జరిగిందో చూద్దామని. టీ చల్లారేలోపు ఆపేసింది.

"డెస్, ఈయన ఎటు వైపు కూర్చుని తోలుతున్నాడు?"

చూశాను.

వాడి స్టీరింగు ఎడమ పక్క. వాళ్ళ రోడ్డు కుడి అంచుకి వాలుతుంది కాబట్టి వాడు ఎడమ చక్రాన్ని నిటారు చేశాడు. మన స్టీరింగు కుడి పక్క, మన రోడ్డు వాలేది ఎడమకి. ఎడమ చక్రాన్నే నిటారు చేసి, బండిని నేనే స్వయంగా కాలవ వైపు తోశాను. ఎరువు బస్తాలు కూడా పక్క సీట్లో పెట్టాను. అంటే డ్రైవరు లేని బండికి, పక్కన లావుపాటి ప్రయాణికుణ్ణి కూర్చోబెట్టి కొలతలు తీశాను.

"అమెరికా సైనిక స్థావరాలు వద్దని ఇంట్లో ఎన్ని జెండాలున్నాయి మనకి?" అని అడిగింది జనీన్. కళ్ళు తుడుచుకుంటోంది. "వాడు ఎడమ అంటే ఎడమ అన్నావా? ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదా?"

బిస్కట్ కూడా నా వైపు చూడలేదు.

మార్చి 23, ఆదివారం

కొండ పరుగు. ఎండ, దుమ్ము, వేయించిన ఉల్లిపాయల వాసన, అందరూ బాగున్నారు.

నేను ముందు వెళ్ళాను. నా సమయం రాయడం లేదు.

జనీన్ తరవాత. కింద నుంచి చూశాను. బయలుదేరే గీటు దాటడం, మొదటి ఎక్కుడు, అంతా దారం కట్టినట్టు. మలుపు దగ్గర బండి ముక్కు వినలేదు. తను లోపలికి తిప్పుతోంది, అది బయటికి జారుతోంది. షాపువాడు వాల్చనన్న ఆ కాస్త వాలు లేక. మళ్ళీ రెండోది. తుమ్మినంత తేడాలో.

కుంటుకుంటూ వచ్చి హెల్మెట్ తీసింది.

నోరు మూసుకుందామనుకున్నాను. కుదరలేదు. "చూశావా, కంపెనీ కొలతలంటే అమ్ముకునేవాడి కొలతలు. తోలే మనిషి ఎవరో వాళ్ళకి అక్కర్లేదు."

"నీకూ అక్కర్లేదుగా," అంది.

"అదేంటి?"

"బస్తాలు ఎవరి బరువుకి తూచావ్?"

నా బరువుకి. జనీన్ నాలో సగం ఉంటుంది. వాళ్ళ ఆకుపచ్చ కాగితంలో తను లేదు, నా దారాల మధ్యా లేదు. మోకాలు తనది, పరుగు తనది, ఈ నెలంతా నేను కొలిచింది నన్ను.

ఇంటికి బండి నేనే తోలాను. రేడియో పెట్టిందామె.

మార్చి 29, శనివారం

పొద్దున ఎనిమిది. ఇవాళ మళ్ళీ మొదలు. ఏ షాపు గడపా తొక్కను.

మళ్ళీ పరుగు సెప్టెంబరులో. అప్పటికి మోకాలు నయమవుతుందని డాక్టరు అన్నాడు, అందాకా కూర్చోమన్నాడు. ఎక్కడ కూర్చోవాలో చెప్పలేదు.

పలకలు పేర్చాను. ఉప్పు వేరే కొన్నాను. బిస్కట్ గోర్డానా ఇంట్లో. గోర్డానా మాత్రం కంచె దగ్గరే.

జనీన్ కుడి సీట్లో కూర్చుంది, దిండు, టీ, పుస్తకం.

"పుస్తకంతో కలిపి కొలుస్తావా?" అని గోర్డానా కంచె మీద నుంచి అడిగింది.

"పందెంలో చదవనులే," అని జనీన్ పుస్తకం నాకిచ్చేసింది. "కుడి చక్రం చూడు ముందు. కుడి అంటే నేనున్న వైపు, డెస్."

కుడి చక్రం దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాను. తను కదలకుండా ఊపిరి బిగబట్టింది.

"ఊపిరి తీసుకో," అన్నాను. "పరుగులో తీసుకుంటావుగా."