మస్కట్ దుప్పటి, కామారెడ్డి పులి

ఎల్లారెడ్డి.

తక్షణం టీవీ సంపాదకులు ప్రభుదాసు గారికి శాంతవ్వ నమస్కరించి రాయునది.

ఇక్కడ మనుషులం క్షేమం. క్షేమంగా లేనిది మా మక్క చేనొక్కటే, కారణం మీరు. "ఎల్లారెడ్డి శివారులో పులి" అని నిన్న ఎర్రక్షరాలతో చూపించారే, అది మా చేను. అందులో ఉన్నది మా ఆయన గంగారాం మస్కట్ నుంచి తెచ్చిన పులిబొమ్మ దుప్పటి. అడవిపందులు, కోతులు బెదరాలని కర్రకు కట్టి నిలబెట్టాను. ఇక్కడ చాలామంది చేసే పనే. రోడ్డు మీంచి ఫొటో తీసినవాడు గట్టు దిగి వస్తే అంచున కుట్టు కనబడేది.

కంకులు విరవాల్సిన సమయం. మబ్బు పట్టింది. తడిస్తే కంకికే మొలకలొస్తాయి. కూలీలేమో రామంటున్నారు. గుంపు మేస్త్రి దేవ్లికి దుప్పటి తీసుకెళ్లి చూపించాను. "ఇది దుప్పటే అవ్వా. పులి టీవీల ఉన్నది గద" అంది. వెంటనే తప్పు దిద్దండి.

ఇట్లు,
శాంతవ్వ

తా.క. ముందు ఫోనే చేశాను. ప్రకటన ఇవ్వాలంటే ఒకటి నొక్కమంది. వార్త తప్పైతే ఏం నొక్కాలో నాకు తెలుసు గానీ, అది ఫోనులో లేదు.

---

కామారెడ్డి.

గౌరవనీయులైన శాంతవ్వ గారికి,

మా వార్తపై మీ స్పందనకు ధన్యవాదాలు. పులి, దుప్పటి రెండూ మీ చేనులోనే ఉన్నాయని మీరే రాసిచ్చారు కాబట్టి "రైతు దుప్పటి లాక్కున్న పులి" అని ఈ ఉదయమే వేశాం. పులి లేదని అటవీ అధికారులెవరూ మాకు చెప్పలేదు. మేమూ అడగలేదు. అడిగేలోపు పక్క చానెల్ వేసేస్తుంది.

మీ శ్రేయోభిలాషి,
ప్రభుదాసు

తా.క. పులి దుప్పటి లాగినప్పుడు మీకేమనిపించిందో వీడియో తీసి పంపగలరు. ఫోను అడ్డంగా పట్టుకోండి.

---

ఎల్లారెడ్డి.

ప్రభుదాసూ,

గారు అని రాయబుద్ధి కాలేదు. నా ఉత్తరం చదివావా, చూసి పక్కన పడేశావా? నీ వార్త విని మద్నూర్ నుంచి మా ఆడబిడ్డ ఏడుస్తూ దిగింది. పులి నన్నే దుప్పట్లో చుట్టుకుపోయిందనుకుందట.

నిన్న చినుకులు పడ్డాయి. నేను, గంగారాం ఇద్దరమే విరుస్తున్నాం, నా వేళ్లు చీరుకుపోయాయి. నాకు ఒళ్లు మండిపోతోంది. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి బస్సుంది. ఎక్కి, దిగి, కళ్లతో చూసి, అప్పుడు నోరు విప్పడానికి నీకేం అడ్డం? మా పొట్ట కొట్టే హక్కు నీకెవరిచ్చారు? పులి లేదని చెప్పు.

శాంతవ్వ

తా.క. గారు తీసేసినందుకు గంగారాం కోప్పడ్డాడు. సగం వెనక్కి ఇస్తున్నాను: ప్రభుదాసు గా.

---

కామారెడ్డి.

శాంతవ్వ గారికి,

శుభవార్త. "తక్షణం టీవీ ఎఫెక్ట్: మహమ్మద్‌నగర్ వైపు వెళ్లిపోయిన పులి" అని వేశాం. పులి లేదని చెబితే మా పరువు పోతుంది, వెళ్లిపోయిందంటే అందరికీ మర్యాద. ఇక మీ కూలీలు వస్తారు.

ప్రభుదాసు

తా.క. అటే వెళ్లిందని ఎవరు చెప్పారని అడగకండి. ఎటో ఒకవైపు వెళ్లాలి కదా.

---

కామారెడ్డి.

అవ్వా,

మీ జవాబు రాకముందే మళ్లీ రాస్తున్నాను. పక్క చానెల్ వాళ్లు మా పులిని ఇంకా నడిపించి మాచారెడ్డిలో దింపారు. అది కామారెడ్డి బస్టాండు ఎలా దాటిందో ఎవరూ అడగలేదు. మాచారెడ్డిలో నా వరి పొలం ఉంది, కోతకొచ్చింది. కోత మిషన్ డ్రైవర్ బండి దింపనంటున్నాడు. పులే లేదని ఒట్టేసి చెప్పాను. "నువ్వే టీవీల చెప్తివి సారూ. గిప్పుడు లేదంటే ఎట్ల నమ్మాలె?" అన్నాడు. ఆ పక్క చానెల్‌కు ఫోన్ చేస్తే, పులి లేదని అధికారులెవరూ చెప్పలేదన్నారు.

వాన వచ్చేలా ఉంది. పులి లేదని కెమెరా ముందు మీరు ఒక్కమాట చెప్పండి, కారు పంపుతాను.

ప్రభుదాసు

తా.క. ఫోను ఎలా పట్టుకున్నా ఫర్వాలేదు.

---

ఎల్లారెడ్డి.

ప్రభుదాసు గారికి,

దేవ్లి గుంపు వచ్చింది. అప్పటికే సగం కంకులు మొలకెత్తాయి. ఆ సగం మీద నా కోపం చల్లారలేదు, చల్లారదు.

మా చేనులో పులి లేదని ఎవరి ముందైనా చెబుతాను, అది నా కళ్లతో చూసిన సంగతి. మీ పొలంలో లేదని చూడకుండా ఎలా చెప్పను? రేపు నేను, గంగారాం, దేవ్లి కామారెడ్డిలో బస్సు మారి వస్తాం. పొలమంతా తిరుగుతాం, పొరుగు రైతులను అడుగుతాం, అటవీ ఆఫీసులో కనుక్కుంటాం, ఆ తర్వాతే నోరు విప్పుతాం. అంతదాకా వాన ఆగుతుందో లేదో నాకు తెలియదు.

ఇట్లు,
శాంతవ్వ

తా.క. కారు వద్దు. మీరూ అదే బస్సెక్కండి. పొలంలోకి ముందు మీరే దిగాలి, మేం గట్టు మీద నిలబడి చూస్తాం.